నలభై దాటాక హెవీ లైసెన్సు

సూరత్‌లో తెలుగు మాట వినిపించే పేటలు లింబాయత్, గోడాదరా, పర్వత్ పాటియా, డిండోలి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి రెండు మూడు తరాలుగా వలస వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఎంతగా స్థిరపడ్డాయంటే, నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఈ కుటుంబాల్లో ఎక్కువ పద్మశాలీలవి. మగవాళ్ళ బతుకు మరమగ్గం మీద, వాళ్ళ మాటలో సాంచా మీద నడిచింది. ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుడతారు, రాళ్ళు అంటిస్తారు. ఇరవై ఏళ్ళ వయసులో రైలు దిగి సాంచా పట్టిన మనిషికి ఇప్పుడు నలభై అయిదు. ఆ పాత షటిల్ మగ్గం నిమిషానికి నూరు, నూటయాభై పేక పోగులు వేసేది. దాని స్థానంలోకి వచ్చిన వాటర్‌జెట్ ఆరేడు వందలు వేస్తుంది. బట్ట పెరిగింది, షెడ్డులో మనుషులు తగ్గారు, మిగిలినవాళ్ళలో చురుకైన కుర్రాళ్ళకే ముందు పిలుపు. మీటరుకు ఇన్ని పైసలని కూలి కట్టే చోట చెయ్యి నెమ్మదించిన మనిషికి వయసు నెలనెలా కూలిలోనే తెలుస్తుంది. అలాంటి మనిషికి లారీ ఒక దారి అవుతుందా?

అవుతుందని నా నమ్మకం. ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ మనం వయసు దగ్గరే ఆగిపోతున్నాం, అసలు చూడవలసింది ఆ పనిలోకి ఏ గుమ్మం గుండా వెళ్తున్నామన్నది. మన దేశంలో లారీ పనికి పద్నాలుగు పదిహేనేళ్ళ కుర్రాడి కోసం కట్టిన గుమ్మం ఒక్కటే ఉంది. నలభై అయిదేళ్ళవాడు దాని గుండా దూరబోతే దెబ్బ తింటాడు. అతనికి వేరే గుమ్మం కావాలి. సూరత్ లాంటి ఊళ్ళో అది సగం ఇప్పటికే తెరిచి ఉంది.

ముందు చట్టం సంగతి. రవాణా వాహనం నడపడానికి 1988 మోటారు వాహనాల చట్టం కింది వయసు 20 అని పెట్టింది, పై వయసు పెట్టలేదు. కారు నడిపే తేలికపాటి లైసెన్సు చేతికొచ్చి ఏడాది నిండితే హెవీ లెర్నర్‌కు అర్హత వస్తుంది. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన ఒకటి చాలాకాలం అడ్డుగా నిలిచింది, 2019లో కేంద్రం దాన్ని ఎత్తేసింది. చిన్నప్పుడే బడి మానేసి మగ్గం మీదికి వచ్చిన తరానికి ఇది ఎంత పెద్ద మార్పో చాలామందికి తెలియనే లేదు. అదే ఏడాది సవరణతో రవాణా లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరిగింది. నలభై అయిదో ఏట హెవీ లైసెన్సు తీసుకున్న మనిషి ఆరోగ్యం బాగుంటే అరవై దాకా రెండే రెండుసార్లు దాన్ని పొడిగించుకుంటాడు. పదిహేనేళ్ళ పని అది. పిల్లలు చదువు ముగించి స్థిరపడేంత కాలం.

చట్టం అడ్డురాకపోయినా వ్యాపారం అడ్డొస్తుందని అనుభవజ్ఞులు అంటారు. లారీ పని అంటే కిలీనరుగా చేరాలి, టైర్లు కొట్టి చూడాలి, తాళ్ళు బిగించాలి, డ్రైవరుకు టీ తేవాలి, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద ఆయన దయ తలిస్తే స్టీరింగు పట్టాలి. అలా అయిదారేళ్ళు నలిగితేనే డ్రైవరవుతాడు, నలభై అయిదేళ్ళ మనిషి అదంతా పడగలడా అని అడుగుతారు. ఆ పద్ధతికి ఒకప్పుడు కారణముంది. దారి తెలియాలి, చెక్‌పోస్టులో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియాలి, ఇంజను మొరాయిస్తే రోడ్డు పక్కనే విప్పి బిగించాలి. ఇవేవీ ఏ బడీ నేర్పేది కాదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్ర సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు పోయాయి. 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు, 2021 ఫిబ్రవరి నుంచి టోలు దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో లోపాన్ని డాష్‌బోర్డు దీపం చెబుతుంది, సర్వీసు సెంటరువాడు కంప్యూటరు పెట్టి చూస్తాడు. రోడ్డు పక్కన స్పానరు పట్టుకుని చేయగలిగింది బాగా తగ్గిపోయింది. దారి ఫోనే చూపిస్తుంది. కిలీనరు చదువులో సగం పాఠాలకు ఇప్పుడు అవసరం లేదు. అవసరమున్న సగం, అంటే బరువుతో ఉన్న బండిని ఎలా ఆపాలి, ఎలా తిప్పాలి, ఎప్పుడు నిద్రకు లొంగాలి అన్నవి, అర్ధరాత్రి దయ మీద నేర్చుకునే విషయాలు అసలే కావు.

వయసు ఎక్కువైతే ప్రమాదాలు ఎక్కువన్న భయానికి పెద్ద ఆధారం లేదు. ప్రపంచంలో ఎక్కడ లెక్కలు తీసినా ఇరవైల్లో ఉన్న డ్రైవర్ల ప్రమాదాల రేటు పైన ఉంటుంది, నడివయసులో అడుగుకు దిగుతుంది, ముసలితనంలో మళ్ళీ లేస్తుంది. అమెరికాలో రాష్ట్రాల మధ్య లారీ నడపడానికి 21 నిండాలన్న నియమం కుర్ర డ్రైవర్ల మీది భయంతోనే పుట్టింది. అక్కడి ట్రక్కింగ్ సంఘాల సమాఖ్య 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం కొత్తగా శిక్షణ తీసుకుంటున్న డ్రైవరు సగటు వయసు 35. సగటే 35 అంటే, నలభై దాటి మొదలుపెట్టేవాళ్ళు అక్కడ తక్కువేమీ కాదు. ఫ్యాక్టరీ మూతపడినవాడు, పొలం వదిలినవాడు, సైన్యం నుంచి దిగినవాడు లారీ ఎక్కడం అక్కడ మామూలు సంగతి.

అయితే ఈ లెక్కలను అరువు తెచ్చుకునేటప్పుడు ఒక మెలిక గమనించాలి. నడివయసు డ్రైవరు భద్రంగా నడపడానికి కారణం వయసొక్కటే కాదు, అతని వెనక ఇరవై ఏళ్ళ రోడ్డు ఉంది. డిండోలి సాంచా మనిషికి నడివయసు నిదానం ఉంది, ఇల్లూ పిల్లలూ ఉన్నారన్న జాగ్రత్త ఉంది, రోడ్డు మాత్రం లేదు. ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో అరసెకను ముందు పసిగట్టే కన్ను బండి నడిపితేనే వస్తుంది. కాబట్టి నలభై అయిదేళ్ళవాడు లైసెన్సు చేతికి రాగానే పద్దెనిమిది టన్నుల బండి ఎక్కి ముంబయి హైవే పట్టడం తప్పు. ఆ రోడ్డు అనుభవం ఎక్కడ, ఏ బండి మీద సంపాదించాలన్నదే అసలు ప్రశ్న.

దానికి సమాధానం 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పులో ఉంది. బజాజ్ అలయన్జ్ వర్సెస్ రంభాదేవి కేసులో అయిదుగురు న్యాయమూర్తులు, మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చని, దానికి వేరే అనుమతి అక్కర్లేదని తేల్చారు. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో వచ్చిన తీర్పునే నిలబెట్టారు. ఆ అనుమతి లేదన్న సాకు చూపి బీమా కంపెనీలు పరిహారం ఎగ్గొట్టే దారి మూసుకుంది. అందరూ ఇది బీమా సంగతి అనుకున్నారు. నాకు మాత్రం ఇందులో ఆలస్యంగా మొదలుపెట్టేవాడికి కావలసిన మొదటి మెట్టు కనిపిస్తోంది. 2005లో టాటా ఏస్ వచ్చింది. ఛోటా హాథీ అని దేశమంతా పిలిచే ఆ చిన్న బండి దగ్గర నుంచి ఏడున్నర టన్నుల లోపు టెంపో దాకా అన్నీ కారు లైసెన్సు పరిధిలోకే వస్తాయి.

ఆ మెట్టు సూరత్‌లో ఉన్నంత వెడల్పుగా మరో ఊళ్ళో ఉండదు. ఇక్కడ నేసిన బట్ట ఒక్కచోట ఉండదు. మగ్గాల షెడ్డులో తకాలుగా, అంటే తానులుగా చుట్టిన, ఇంకా రంగు పడని గ్రే బట్ట టెంపో ఎక్కి వ్యాపారి గోదాముకు పోతుంది. అక్కడి నుంచి పాండేసరా, సచిన్ వైపు అద్దకం మిల్లుకు, రంగూ అచ్చూ పడ్డాక రింగు రోడ్డు మార్కెట్లకు, ఆ తర్వాత లేసుకీ రాళ్ళకీ మళ్ళీ ఇళ్ళ దగ్గరికి, చివరికి పార్సిలుగా కట్టి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు చేరుతుంది. ఒక చీర ఊరు దాటేలోపు ఊళ్ళోనే నాలుగైదు సార్లు బండెక్కుతుంది. ఈ తిరుగుడులో డిండోలి మనిషి కొత్తవాడు కాడు. ఏ తకా తడిస్తే పాడవుతుందో, గ్రే బట్టకు నూనె మరక అంటితే మిల్లువాడు ఎంత కోస్తాడో, ఏ సేఠు గుమాస్తా ఎన్ని గంటలకు తలుపు మూస్తాడో అతనికి తెలుసు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఈ సరుకు ఒట్టి బరువు. ఇతనికి తన చేతులు ఎరిగిన వస్తువు. రెండేళ్ళు ఈ టెంపో మీద గడిస్తే ఇరుకు గల్లీలో వెనక్కి తీయడం, వాన నీళ్ళలో బ్రేకు ఎప్పుడు నమ్మాలో ఎప్పుడు నమ్మకూడదో తెలుసుకోవడం, అడ్డంగా వచ్చే బైకును ముందే పసిగట్టడం వాటంతట అవే వస్తాయి.

తర్వాతి మెట్టు పెద్ద బండి. అక్కడ నేర్చుకోవలసినది చాలానే ఉంటుంది, తేలిగ్గా తీసుకోకూడదు. ఎయిర్ బ్రేకు సంగతే చూడండి. టెంపోలో తాళం తిప్పగానే బయల్దేరినట్టు పెద్ద లారీలో కుదరదు. ఇంజను వేశాక గాలి ట్యాంకులు నిండేదాకా ఆగాలి, గేజీ ముల్లు పైకి లేవాలి, అప్పటిదాకా బజరు మోగుతూనే ఉంటుంది. వెనక చక్రాల స్ప్రింగు బ్రేకు విడిపించేది ఆ గాలే. ఎక్కడో కారుతుంటే నిలబెట్టిన బండిలో ముల్లు మెల్లగా దిగుతుంది, చెవి పెట్టి వింటే సన్నని బుస వినిపిస్తుంది. ఓపిక లేని డ్రైవరు బజరు ఆగగానే కదిలిస్తాడు, ఓపిక ఉన్నవాడు రెండు నిమిషాలు ఆగి ముల్లు నిలిచిందో లేదో చూస్తాడు. సరుకు స్వభావం కూడా అంతే. బట్ట పార్సిళ్ళ లోడు మలుపులో ఒక పక్కకు మెత్తగా ఒరుగుతుంది. హజీరా నుంచి వచ్చే ఉక్కు కాయిలు గొలుసు వదులైతే ఒక్క బ్రేకుకే ముందుకు దూసుకొచ్చి క్యాబిన్‌ను నలిపేస్తుంది. పడుగులో ఒక పోగు తెగితే మగ్గం ఆపి వెతికి ముడేసిన మనిషికి ఈ రకం నిఘా పరాయిది కాదు. బయల్దేరే ముందు చుట్టూ తిరిగి చూసే అలవాటు కుర్రాళ్ళకు చెప్పి చెప్పి నేర్పాలి, ఇతనిలో అది పాతికేళ్ళుగా ఉన్నదే.

ఇక శరీరం. అన్ని అభ్యంతరాల్లోకీ బరువైనది ఇదే. కానీ చాలామంది తప్పు అవయవం గురించి భయపడుతున్నారు. నలభై దాటాక వచ్చే చత్వారం దగ్గరి చూపును తగ్గిస్తుంది, దూరపు చూపుకు అద్దాలు ఉంటే చట్టానికీ అభ్యంతరం లేదు. పగటి వెలుగులో 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు చదవగలగాలి, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియాలి, రేచీకటి ఉండకూడదు. రవాణా లైసెన్సుకు డాక్టరు సంతకం చేసే ఫారం 1-ఏ అడిగేవి ఇవి. అదే ఫారం ఇంకో మాట అడుగుతుంది: మామూలు హారను శబ్దం వినపడనంత చెవుడు ఉందా? సాంచా మనిషి గుండె ఝల్లుమనవలసింది ఇక్కడ. షటిల్ మగ్గాల షెడ్డులో పక్కవాడి మాట వినాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. అలాంటి చోట రోజుకు పన్నెండు గంటలు, పాతికేళ్ళు, చెవిలో దూది ముక్క కూడా లేకుండా గడిపినవాళ్ళు వీళ్ళు. వినికిడి మెల్లగా పోతుంది కాబట్టి పోయిన సంగతి మనిషికి తెలియదు, ఇంట్లో టీవీ శబ్దం పెంచడం చూసి ఇల్లాలికి తెలుస్తుంది. షుగరు, బీపీ సంగతీ అంతే. షుగరు చూసుకోని మనిషికి భోజనం తర్వాత మబ్బు కమ్ముతుంది, పాదం స్పర్శ తగ్గితే బ్రేకు మీద ఎంత బలం పడుతోందో తెలియదు. ఈ మూడు పరీక్షలూ డ్రైవింగు స్కూలుకు రూపాయి కట్టకముందే జరగాలి. డబ్బు తీసుకుని చూడకుండా సంతకం పెట్టే సర్టిఫికెట్టు ఇరవై ఏళ్ళవాడికి తప్పు, నలభై అయిదేళ్ళవాడికి ప్రాణాంతకం.

సాంచా కన్నా లారీ బతుకు మేలని ఎవరు చెప్పారు అని ఇంకో ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో విడుదల చేసిన అధ్యయనంలో 10 నగరాలకు చెందిన 1,200 మందికి పైగా డ్రైవర్లను అడిగితే, దాదాపు సగం మంది అలసటా నిద్రా ముంచుకొస్తున్నా బండి నడుపుతున్నామన్నారు. రోజుకు సగటున పన్నెండు గంటలు స్టీరింగు మీదే. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో చేసిన చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. ఆ రాతకూ రోడ్డుకూ మధ్య దూరం ఎంతో లారీ ఎక్కిన ప్రతివాడికీ తెలుసు. 2024 జనవరిలో దేశమంతా లారీలు ఆగిపోయిన సంగతి కూడా మరవలేం. నిర్లక్ష్యంగా నడిపి ఒకరి ప్రాణం తీసి చెప్పకుండా వెళ్ళిపోతే పదేళ్ళ దాకా జైలు అన్న భారతీయ న్యాయ సంహిత 106(2) మీద అది తిరుగుబాటు. ఆ సంహిత అదే ఏడాది జూలై 1న అమల్లోకి వచ్చినా ఆ ఒక్క ఉపవిభాగాన్ని పక్కన పెట్టారు. మూక దాడికి భయపడి పారిపోవాలా, నిలబడాలా అన్నది డ్రైవరుకు నిజమైన సందిగ్ధం. ఏసీ విషయంలో కొంత ఊరట వచ్చింది. 2025లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం కొత్తగా తయారయ్యే మూడున్నర టన్నులు దాటిన సరుకు బండ్లకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి. పాత బండ్లకు అది వర్తించదు, కొత్తగా చేరినవాడి చేతికి ముందు వచ్చేది పాత బండే.

ఈ కష్టాలన్నీ నిజమని ఒప్పుకున్నాకే నేను ఒక తేడా చూపదలచుకున్నాను. వీటిలో ఎక్కువ భాగం దూరపు లైనువి. సూరత్ నుంచి హైదరాబాదుకో, ధూలే మీదుగా నాగపూర్‌కో వెళ్ళే బండిలో డ్రైవరును తరిమేది గడియారం. ఈ-వే బిల్లు గడువే 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్క కడతారు, దాని మీద వ్యాపారి తొందర వేరు. దగ్గర లైను తీరు వేరు. హజీరా రేవు, ఉక్కు కర్మాగారాలు, సచిన్, పలసానా, కడోదరా, కిమ్, అంకలేశ్వర్, వాపి అన్నీ డిండోలి నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరగలిగే దూరాలు. కిలోమీటర్లు తక్కువ, బత్తా తక్కువ, పేరు తక్కువ. లైన్ మీద పోనివాడు డ్రైవరేంటని పాత డ్రైవర్లు చప్పరిస్తారు. నలభై అయిదేళ్ళ మనిషి ఆ మాట పట్టించుకోనక్కర్లేదు. అతనికి కావలసింది ఇంటి తిండి, మంచం మీద నిద్ర, షుగరు మాత్ర వేళకు పడటం. దాద్రీ నుంచి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టు దాకా సుమారు 1,500 కిలోమీటర్ల సరుకు రైలు మార్గం సూరత్ పక్క నుంచే పోతుంది, రేపు సరుకంతా రైలెక్కితే లారీ ఎందుకని కొందరంటారు. రైలు తీసుకునేది దూరపు లోడు. రైలు ఆగే చోటు నుంచి గోదాము దాకా, మిల్లు నుంచి రైలు దాకా మళ్ళీ లారీయే కావాలి. దగ్గర లైనుకు దానివల్ల పని పెరిగే అవకాశమే ఎక్కువ.

అనుభవం లేనివాడి చేతికి లక్షల బండి ఏ ఓనరు ఇస్తాడన్నది వ్యాపారం వైపు ప్రశ్న. దేశంలో 22 లక్షల మంది నైపుణ్యమున్న డ్రైవర్ల కొరత ఉందని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2025లో చెప్పారు. కొరత ఉన్నచోట ఓనరు వయసు అడగడు, బండి క్షేమం అడుగుతాడు. తాగడు, పారిపోడు, డీజిలు అమ్ముకోడు, ఇల్లు ఎక్కడో తెలుసు అన్న నమ్మకం సంసారి మీద త్వరగా కుదురుతుంది. ప్రమాదం ఇంకోవైపు నుంచి రావచ్చు. కూలి డ్రైవరుగా ఎందుకు, సొంత బండే కొనుక్కో, కిస్తీలు నేను చూసుకుంటానంటూ ఫైనాన్సు మనిషి వస్తాడు. మొదటి మూడేళ్ళు ఆ మాట వినకూడదని గట్టిగా చెబుతాను. బాకీ ఉన్న డ్రైవరు నిద్రొచ్చినా ఆగడు, ఓవర్‌లోడు వద్దనలేడు. మగ్గం దగ్గర సేఠు బాకీ తీర్చలేక ఏళ్ళు పోగొట్టుకున్న మనిషి అదే బాకీని చక్రాల మీదికి తెచ్చుకోవడం నాకు భయం కలిగిస్తుంది.

శిక్షణ ఎక్కడ అన్నది మిగిలింది. కేంద్రం 2021 జూలై నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనలు తెచ్చింది. హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు, అది పాసైతే ఆర్టీఓ దగ్గర మళ్ళీ డ్రైవింగు పరీక్ష ఉండదు. ఈ దారికి నమూనా ఆ వలస కుటుంబాల సొంత నేల మీదే ఉంది. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి మండలం మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో డ్రైవింగు శిక్షణ సంస్థ కట్టి 2021లో ప్రారంభించారు. మరమగ్గాల ఊరి పక్కనే ట్రాకు, పాఠం గది, పెద్ద బండ్లు. సాంచా మీద ఇక బతకలేని వాళ్ళకు ఇంకో పని చూపాలన్న ఆలోచన ఆ చోటులోనే ఉంది. సూరత్ తెలుగువాళ్ళకు అలాంటిది ఊళ్ళోనే కావాలి. పాఠాలు తెలుగులో ఉండాలి, బ్యాచి వేళలు మగ్గం షిఫ్టుకు కుదరాలి, ఆరు వారాల కూలికి బదులు కొంత భత్యం ఉండాలి. తెలుగు బడులు నడిపే నగరపాలక సంస్థకు సాయంత్రం ఖాళీగా ఉండే గదులున్నాయి, కుల సంఘాలకు భవనాలున్నాయి, డ్రైవర్లు దొరకని ట్రాన్స్‌పోర్టు ఓనర్లకు అవసరం ఉంది. ఈ ముగ్గురినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే పని ఇంకా జరగాలి.

చేరే ముందు ఓనరు దగ్గర రాయించుకోవలసిన కాగితం కూడా ఒకటుంది. ఉద్యోగుల పరిహారానికి 1923 నాటి చట్టం వేసిన పట్టికలో 25 ఏళ్ళ మనిషి చనిపోతే లెక్కకట్టే గుణకం 216.91, 45 ఏళ్ళ మనిషికి 169.44. నెల కూలిలో సగాన్ని దానితో హెచ్చిస్తారు, కూలి ఎంత ఉన్నా 15,000 రూపాయల దగ్గర ఆపి లెక్క వేస్తూ వచ్చారు. అంటే 45 ఏళ్ళ డ్రైవరు ప్రాణానికి పన్నెండు లక్షల డెబ్భై వేల చిల్లర. మిగిలిన సంపాదన ఏళ్ళు తక్కువని చట్టం తగ్గించి చూస్తుంది. ఇతని పిల్లలు సరిగ్గా ఇప్పుడే కాలేజీలో ఉంటారన్న సంగతి ఆ పట్టికకు పట్టదు. పైగా ఆ సొమ్ము రావాలన్నా ఫలానా తేదీ నుంచి ఫలానా కూలికి ఈ మనిషి నా డ్రైవరు అని రుజువుండాలి. నోటిమాట మీద నడిచే పనిలో ఆ రుజువు ఉండదు. నియామకం చీటీ, కూలి బ్యాంకు ఖాతాలో పడటం, పైన ఒక ప్రమాద బీమా, ఈ మూడూ అడగడానికి నలభై అయిదేళ్ళ మనిషి మొహమాటపడకూడదు. కిలీనరుగా చేరిన కుర్రాడు అడగలేని మాట ఇతను అడగగలడు. అడిగితే వెనక వచ్చే కుర్రాళ్ళకూ అది రివాజు అవుతుంది.